ప్రపోజల్ తిరిగొచ్చేది ఇంగ్లీషు వల్ల కాదు

పరిశోధనకు డబ్బు అడుగుతూ పంపిన గ్రాంటు ప్రపోజల్ తిరిగొచ్చిందంటే మన యూనివర్సిటీల్లో ముందుగా వినిపించే మాట, "మన ఇంగ్లీషు అంతంతమాత్రం కదండీ" అని. కొంత నిజం ఉంది. కానీ భాష దిద్దించి మళ్లీ పంపినా చాలాసార్లు అదే జవాబు వస్తుంది. 'ది' ఉండాల్సిన చోట 'ఎ' ఉందని ఏ రివ్యూయరూ ప్రపోజల్ పక్కన పెట్టరు. రెండో పేజీలో 300 మంది అని, ఏడో పేజీలో 360 అని, బడ్జెట్‌లో 250 మందికి సరిపడా కిట్లని కనబడితే మాత్రం అక్కడే ఆగిపోతారు. ఏం చేయాలో తేల్చుకోకముందే రాయడానికి కూర్చున్నారని ఆ ఒక్క తేడాతో తెలిసిపోతుంది.

ఈ పోస్టు చాలావరకు ఆ తేల్చుకోవడం గురించే. ఇంగ్లీషు సంగతి కాస్త కింద వస్తుంది.

ముందు రివ్యూ కామెంట్లు చదవడం తెలియాలి. అవి మర్యాద భాషలో ఉంటాయి. "ఓవర్ యాంబిషస్" అన్నారంటే మీ ఆశయాన్ని మెచ్చుకున్నట్టు కాదు. మూడేళ్లకు ఆరేళ్ల పని రాశారని, ఏది వదిలేయాలో మీకే తెలియలేదని. "నావెల్టీ లేదు" అన్నచోట చాలాసార్లు కొత్తదనం ఉంటుంది, నాలుగో పేజీ మధ్యలో ఎక్కడో ఇరుక్కుపోయి ఉంటుంది. "మెథడాలజీ వివరంగా లేదు" అనగానే ప్రోటోకాల్ ఇంకో రెండు పేజీలు పెంచేస్తాం. వాళ్లు అడిగింది బఫర్ పీహెచ్ గురించి కాదు. ఎంతమంది, ఎందుకంతమంది, పోల్చడానికి కంట్రోల్ ఏది, చివర్లో లెక్క ఎలా కడతారు అని. "ప్రిలిమినరీ డేటా లేదు" అంటే ఈ పని మీ చేతుల్లో జరుగుతుందన్న నమ్మకం కుదరలేదని అర్థం.

చదివేవాళ్లు ఎవరన్నది కూడా మనం పట్టించుకోం. మామూలుగా మీ రంగం తెలిసిన ఇద్దరు ముగ్గురు మొదట చదువుతారు, తర్వాత కమిటీ కూర్చుంటుంది. కమిటీలో చాలామందిది మీ సబ్జెక్టు కాదు. కిడ్నీ ప్రపోజల్ వచ్చి మొక్కల శాస్త్రవేత్త చేతిలో పడొచ్చు. ఆ రోజు వాళ్ల ముందు ఉన్న దొంతరలో మీది ఒకటి, దానికి దక్కేది కొద్ది నిమిషాలు. వాళ్లు చూసేది సారాంశం, అబ్జెక్టివ్‌లు, బడ్జెట్ మొత్తం. మెథడ్స్ చూసేది మొదటి ఇద్దరు ముగ్గురు. మనం మాత్రం సారాంశాన్ని నిపుణుల కోసం రాసినట్టు గట్టి పదాలతో నింపి, మెథడ్స్‌ని కొత్తవాళ్లకు చెప్పినట్టు "ప్రామాణిక పద్ధతుల ప్రకారం చేస్తాం" అని తేల్చేస్తాం. సరిగ్గా తలకిందులు.

ఇంకో చిన్న విషయం. 2023 చట్టంతో పరిశోధనలకు డబ్బిచ్చే ఏఎన్‌ఆర్‌ఎఫ్ అనే కేంద్ర సంస్థ వచ్చి, అంతకుముందు ఆ పని చేసిన ఎస్‌ఈఆర్‌బీ అందులో కలిసిపోయింది. అయినా సీనియర్ దగ్గర తెచ్చుకున్న పాత ఎస్‌ఈఆర్‌బీ ప్రపోజల్ మీదే కొత్తది రాస్తున్నవాళ్లు ఉన్నారు. పాత హెడ్డింగులు, పాత ఫెలోషిప్ రేట్లు, ఒక్కోసారి పాత సంస్థ పేరు కూడా అలాగే ఉండిపోతాయి. కాల్ డాక్యుమెంట్ (ప్రపోజల్స్ పిలుస్తూ సంస్థ ఇచ్చే ప్రకటన) ప్రింట్ తీసి, అందులో అడిగిన ప్రతి మాట పక్కన మీ ప్రపోజల్‌లో అది ఏ పేజీలో ఉందో పెన్సిల్‌తో రాసుకోండి. అరగంట పని. సంస్థను బట్టి చూపు కూడా మారుతుంది. వైద్య పరిశోధన చూసే ఐసీఎంఆర్‌కి రోగికి ఒరిగేదేమిటో కనబడాలి. హైదరాబాద్‌లోనే ఆఫీసున్న ఇండియా అలయన్స్ ఫెలోషిప్‌లలో ప్రాజెక్టుతో పాటు మనిషిని తూకం వేస్తారు. పీహెచ్‌డీ గైడ్ పనికీ మీ పనికీ తేడా ఏమిటన్నది అక్కడ పెద్ద ప్రశ్న. ఒకే ప్రపోజల్‌ని కవరు మార్చి అందరికీ పంపితే అందరికీ తెలిసిపోతుంది.

ఒక ప్రపోజల్‌ని విప్పి చూద్దాం

ఊహించుకున్న ప్రపోజల్ ఒకటి తీసుకుందాం. అంకెలు కూడా ఉదాహరణ కోసం వేసుకున్నవే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ జబ్బు మనందరికీ తెలిసిందే. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు షుగరూ బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు దెబ్బతింటున్నాయి. కారణం ఇదీ అని తేలలేదు. ఎండలో గంటల తరబడి పని, చాలినన్ని నీళ్లు తాగకపోవడం అన్నది ఉన్న అనుమానాల్లో ఒకటి. దాని మీద ప్రపోజల్ రాయమంటే మామూలుగా వచ్చే అబ్జెక్టివ్‌లు ఇలా ఉంటాయి: ఉద్దానంలో కిడ్నీ జబ్బు కారణాలను సమగ్రంగా అధ్యయనం చేయడం, ఎండ ప్రభావాన్ని అర్థం చేసుకోవడం, కొత్త బయోమార్కర్లను (జబ్బును పట్టిచ్చే గుర్తులను) అన్వేషించడం.

అధ్యయనం, అర్థం చేసుకోవడం, అన్వేషించడం. ఈ మూడు పనులూ ఎప్పటికి అయిపోయినట్టు? మూడేళ్ల తర్వాత అయ్యిందో కాలేదో మీరే చెప్పలేని పనికి డబ్బెవరిస్తారు? అదే ఆలోచనను ఇలా బిగించి చూడండి: "తోటల్లో పనిచేసే కూలీలకు రెండు వేసవుల పాటు గంటకోసారి నీళ్లు, నీడలో విరామం ఏర్పాటు చేసిన ఊళ్లలో, అది లేని ఊళ్లతో పోలిస్తే ఈజీఎఫ్ఆర్ తగ్గుదల కనీసం 4 యూనిట్లు తక్కువగా ఉంటుందా అన్నది తేల్చడం." ఈజీఎఫ్ఆర్ అంటే కిడ్నీలు రక్తాన్ని ఏపాటిగా వడపోస్తున్నాయో చెప్పే అంకె. ఎవరిలో, ఏం చేస్తే, దేనితో పోల్చి, ఏది, ఎంత, ఎన్నాళ్లకు అన్నవన్నీ ఒక్క వాక్యంలోకి వచ్చాయి. తేడా రాలేదనుకోండి, అదీ జవాబే. ఎండ ఒక్కటే కారణం కాదేమోనన్న వాదనకు బలం వస్తుంది. ఏ ఫలితం వచ్చినా పనికొచ్చేలా ప్రశ్న వేశారా లేదా అన్నది రివ్యూయర్ మొదట చూసే చోటు.

రెండో అబ్జెక్టివ్ దగ్గర ఇంకో గొయ్యి ఉంటుంది. "మొదటి అబ్జెక్టివ్‌లో దొరికిన బయోమార్కర్‌ను రెండో దానిలో రోగుల్లో పరీక్షిస్తాం" అని రాస్తారు. మొదటి దానిలో ఏమీ దొరక్కపోతే? మొదటికే మోసం. రెండూ ఒకే ప్రశ్నకు రెండు వైపుల నుంచి వెళ్లాలి, ఒకటి కూలినా ఇంకొకటి నిలబడాలి. మన ఉదాహరణలో రెండో అబ్జెక్టివ్‌గా అదే మనుషుల్లో పనికి ముందూ పని తర్వాతా మూత్రం గాఢత, శరీర బరువు కొలవొచ్చు. నీళ్ల ఏర్పాటు కాగితం మీదే ఉందా, నిజంగా ఒంట్లోకి చేరిందా అన్నది దాంతో తేలుతుంది. ఈజీఎఫ్ఆర్‌లో తేడా వచ్చినా రాకపోయినా ఈ కొలత పనికొస్తుంది. అబ్జెక్టివ్‌లు రెండో మూడో చాలు. ఆరు రాస్తే ఆరూ పైపైన ఉన్నాయని చదివేవాళ్లు ముందే అనుకుంటారు.

ఎంతమంది, ఎందుకంతమంది

శాంపిల్ సైజు దగ్గర మన ప్రపోజల్స్ ఎక్కువగా దెబ్బతింటాయి కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుదాం. "మునుపటి అధ్యయనాల ఆధారంగా 300 మందిని తీసుకుంటాం" అన్నది లెక్క కాదు, అంకె మాత్రమే.

రెండు గుంపుల సగటుల మధ్య తేడా పట్టుకోవాలి. పవర్ (నిజంగా తేడా ఉంటే పట్టుకునే అవకాశం) 80 శాతం, సిగ్నిఫికెన్స్ (లేని తేడా ఉన్నట్టు కనబడే అవకాశం) 5 శాతం అనుకుంటే ఒక్కో గుంపుకి కావలసినవాళ్లు సుమారుగా 15.7 ఇంటూ స్టాండర్డ్ డీవియేషన్ వర్గం, భాగించండి తేడా వర్గంతో. ఈజీఎఫ్ఆర్ మార్పు స్టాండర్డ్ డీవియేషన్ (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 12, పట్టుకోవలసిన తేడా 4 అయితే 144ని 16తో భాగిస్తే 9, దాన్ని 15.7తో గుణిస్తే 141 చిల్లర. అంటే గుంపుకి 142 మంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

కానీ మనం నీళ్లూ నీడా ఇస్తున్నది ఊరికి, మనిషికి కాదు. ఒకే ఊరివాళ్లు ఒకే బావి నీళ్లు తాగుతారు, ఒకే తోటల్లో పనిచేస్తారు. ఫలితాల్లో ఒకరినొకరు పోలి ఉంటారు. ఊరికి 20 మంది, ఆ పోలిక కొలత 0.02 అనుకుంటే డిజైన్ ఎఫెక్ట్ (ఆ పోలిక వల్ల ఎన్ని రెట్ల మంది కావాలో చెప్పే అంకె) 1 ప్లస్ 19 ఇంటూ 0.02, అంటే 1.38. గుంపుకి 142 కాస్తా 196 అయింది. చూడ్డానికి 0.02 ఎంతో చిన్నది, దాని ఖర్చు గుంపుకి 54 మంది. ఇది రాయకుండా ఊళ్లవారీ ట్రయల్ పంపితే స్టాటిస్టిక్స్ తెలిసిన రివ్యూయర్ ఆ పేజీ దాటరు.

తర్వాత మధ్యలో వెళ్లిపోయేవాళ్లు. ఉద్దానం నుంచి వలసలు ఎక్కువ కాబట్టి 20 శాతం వేసుకుందాం. ఇక్కడ మనవాళ్లు 196కి 20 శాతం కలిపి 236 అంటారు. తప్పు. 236లో 20 శాతం పోతే మిగిలేది 189, ఏడుగురు తక్కువ. 196ని 0.8తో భాగించాలి: 245. ఊరికి 20 మంది చొప్పున గుంపుకి 13 ఊళ్లు, మొత్తం 26 ఊళ్లు, 520 మంది. ఇకపై ప్రపోజల్‌లో ఎక్కడ ఊళ్ల, మనుషుల సంఖ్య వచ్చినా 26, 520 అన్న ఈ రెండే కనబడాలి.

ఆ 12, ఆ 0.02 ఎక్కడివి అని అడుగుతారు. ప్రచురితమైన పేపర్ నుంచో, మీ పైలట్ నుంచో వచ్చి ఉండాలి, ఆ మాట అక్కడే రాయాలి. "పేపర్లు మా కాలేజీలో దొరకవండీ" అనడానికి ఇప్పుడు పెద్దగా వీల్లేదు. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 మంది ప్రచురణకర్తల దగ్గరున్న సుమారు 13,000 జర్నళ్లు తెరుచుకున్నాయి. లాగిన్ ఎలాగో లైబ్రేరియన్‌ని అడగండి.

కొలతలో దొంగ

ప్రిలిమినరీ డేటా అంటే సగం పని ముందే చేసి చూపించమని కాదు. ఏ మెట్టు దగ్గర జారతారని రివ్యూయర్ అనుమానిస్తారో ఆ మెట్టు ఎక్కి చూపించడం. పేరున్న కో-పీఐ (సహ పరిశోధకుడి) సీవీ పెట్టేసి చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుందామంటే కుదరదు.

మన ప్రపోజల్‌లో ఆ మెట్టు క్రియాటినిన్, అంటే రక్తంలోంచి కిడ్నీలు వడపోసే ఒక వ్యర్థం. ఈజీఎఫ్ఆర్‌ని క్రియాటినిన్ నుంచి లెక్క కడతారు. ఆ లెక్కకు వాడే సీకేడీ-ఈపీఐ సూత్రంలో క్రియాటినిన్ పెద్ద విలువల దగ్గర దాని ఘాతం మైనస్ 1.2. అంటే కిట్ మారడం వల్ల క్రియాటినిన్ 5 శాతం ఎక్కువ చదివిందనుకోండి, 80 ఉండాల్సిన ఈజీఎఫ్ఆర్ 75.5గా వస్తుంది. పోయింది 4.5 యూనిట్లు. మనం వెతుకుతున్న తేడా 4! ఒక గుంపు నమూనాలు ఒక కిట్‌తో, రెండో గుంపువి ఇంకో కిట్‌తో చేస్తే ట్రయల్ ఫలితం మొత్తం కిట్ ఫలితమే అవుతుంది. క్రియాటినిన్ కొలవడానికి పాత జాఫే పద్ధతి వాడితే గ్లూకోజ్, బిలిరుబిన్ లాంటివి కూడా అడ్డం పడతాయి. అందుకే ఎంజైమాటిక్ పద్ధతి వాడతామని, మొదటి నమూనాలను మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచి చివరి వాటితో కలిపి ఒకే లాట్ (ఒకేసారి తయారైన) కిట్‌తో చేస్తామని, ప్రతి బ్యాచ్‌లో రెండు గుంపులవీ కలిపి పెడతామని రాయాలి. చేరేటప్పుడు ఆరోగ్యం చూసుకోవడానికి చేసే పరీక్ష దీనికి వేరు. ఇక ప్రిలిమినరీ డేటాగా ఒకే నమూనాను వేర్వేరు రోజుల్లో పదిసార్లు చేసి ఎంత తేడా వచ్చిందో చూపే చిన్న బొమ్మ ఒకటి పెడితే, రెండు పేజీల పొగడ్త చేయలేని పని అది చేస్తుంది.

"ఇది జరక్కపోతే ఏం చేస్తారు" అన్న పేరా చాలామంది బలహీనత బయటపడుతుందని వదిలేస్తారు. వదిలేస్తే రివ్యూయరే రాస్తారు, మీకు నచ్చేలా రాయరు. కంట్రోల్ ఊళ్లలో కూడా ఎవరైనా నీళ్ల క్యాన్లు పెట్టడం మొదలెడితే? ఎండ తక్కువున్న ఏడాది వస్తే? ఇలాంటివి మూడు ఎంచుకుని ఒక్కోదానికి రెండు వాక్యాలు రాస్తే చాలు.

రూపాయలూ నెలలూ

బడ్జెట్ అకౌంట్స్ పని అనుకుని ఆఖరి రాత్రికి వదిలేస్తారు. నిజానికి మెథడ్స్‌ని రూపాయల్లో తిరగరాస్తే బడ్జెట్ వస్తుంది.

ప్రాజెక్టులో పనిచేసే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) లెక్కే చూడండి. 2023 జనవరి నుంచి నెలకు 37,000. మూడేళ్లకు 36 నెలలు వేసి 13,32,000 అని రాసేస్తారు. మూడో ఏడు ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలో) అయితే 42,000 ఇవ్వాలి, కాబట్టి జీతమే 13,92,000. దాని మీద ఇంటద్దె భత్యం, హెచ్‌ఆర్‌ఏ: హైదరాబాద్ అయితే 30 శాతం, విశాఖ, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, వరంగల్ అయితే 20, తిరుపతి, శ్రీకాకుళం లాంటి చోట్ల 10. విశాఖలో పెట్టుకుంటే 2,78,400 కలిపి 16,70,400. రాసుకున్నదానికన్నా 3,38,400 ఎక్కువ. గ్రాంటు వచ్చాక మూడో ఏడు మధ్యలో పిల్లవాడికి జీతం ఆగిపోయేది ఇక్కడే. ఒక హెడ్ (ఖర్చు పద్దు) కింది డబ్బు ఇంకో హెడ్‌లోకి మార్చాలంటే మామూలుగా సంస్థ అనుమతి కావాలి, అది వచ్చేసరికి నెలలు పడుతుంది.

పరికరాల దగ్గర పాత కొటేషన్ ప్రమాదం. పరిశోధన సంస్థలకు ఒకప్పుడు 5 శాతం జీఎస్టీ రాయితీ ఉండేది. 2022 జులై 18న అది పోయి చాలావాటికి 18 శాతం అయింది. 20 లక్షల పరికరానికి పన్నుతో కలిపి 21 లక్షలు రాసుకున్నవాళ్లకు 23.6 లక్షల బిల్లు వచ్చింది. 2025 సెప్టెంబరు 22న రేట్లు మళ్లీ మారాయి, కొన్ని తగ్గాయి. అందుకని హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (పన్ను రేటు తేల్చే వస్తువు నంబరు), పన్ను విడిగా వేసిన తాజా కొటేషన్ తీసుకోండి. ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం), యూపీఎస్ దాని కిందే అడగండి. తర్వాత అడిగితే ఇవ్వరు.

"కన్స్యూమబుల్స్ 6 లక్షలు, ఏడాదికి 2 లక్షల చొప్పున" అని సమానంగా పంచడం ఇంకో అలవాటు. మన ప్రపోజల్‌లో 520 మంది, రెండుసార్లు, 1,040 నమూనాలు. పదిశాతం రిపీట్లతో 1,144. వంద పరీక్షల కిట్‌లో కాలిబ్రేటర్లకూ కంట్రోళ్లకూ 15 పోతాయనుకుంటే మిగిలేది 85, అంటే 14 కిట్లు. పైగా అన్నీ చివర్లో ఒకే లాట్‌తో చేస్తామన్నాం కదా, కాబట్టి కిట్ల డబ్బు దాదాపు మొత్తం మూడో ఏడులో పడాలి. మొదటి ఏడు కొంటే వాడేలోపు ఎక్స్‌పైరీ అయిపోతాయి. అంతకుముందు ఎక్కువ కావలసింది ట్యూబులు, క్రయో బాక్సులు, నమూనాలు విశాఖ చేర్చే బండి ఖర్చు. బడ్జెట్‌లో ఈ ఎగుడుదిగుడు కనబడితే పని ఊహించుకుని రాశారని చదివేవాళ్లకు అర్థమవుతుంది.

టైమ్‌లైన్ కూడా అంతే. వేసవి మీద ప్రయోగం పెట్టుకుని ప్రాజెక్టు నవంబరులో శాంక్షన్ అయితే ఎథిక్స్ కమిటీ, సీటీఆర్‌ఐ (దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే చోటు) రిజిస్ట్రేషన్, సిబ్బంది నియామకం అయ్యేసరికి మొదటి వేసవి చెయ్యిజారుతుంది. మొదటి మనిషిని చేర్చుకోకముందే సీటీఆర్‌ఐలో రిజిస్టర్ చేయాలి, 2009 జూన్ 15 నుంచి అది తప్పనిసరి. ఇద్దరు ఫీల్డ్ సిబ్బంది, ఒక్కొక్కరు పొద్దున్నే పనికి వెళ్లేలోపు 8 మంది రక్తం తీయగలరనుకుంటే 520 మందికి 33 పనిరోజులు. మార్చి ఆఖరుకి అయిపోవాలంటే ఫిబ్రవరి మధ్యకైనా మొదలెట్టాలి. మూడేళ్లలో దక్కేవి రెండు వేసవులే. మనం అబ్జెక్టివ్‌లో రాసిందీ రెండే. మూడు రాసి ఉంటే "ఓవర్ యాంబిషస్" వచ్చేది.

ఇప్పుడు ఇంగ్లీషు

మనం తెలుగులో ఇలా మాట్లాడతాం: "పలాసలో నమూనాలు తీసి, విశాఖ తెచ్చి, మైనస్ 80లో పెట్టి, ఆర్నెల్ల తర్వాత కరిగించి, రెండు కిట్లతో చేసి చూస్తే తేడా వచ్చింది." తెలుగులో ఇది హాయిగా ఉంటుంది, ఎందుకంటే చివరి క్రియ కోసం ఎదురుచూడడం మన చెవికి అలవాటు. ఇదే వరసలో ఇంగ్లీషులో రాస్తే కొండవీటి చాంతాడు అవుతుంది. ఇంగ్లీషు పాఠకులు కర్త, క్రియ మొదట్లోనే ఆశిస్తారు. తేడా వచ్చిందన్నది ముందు రాసి ఫుల్‌స్టాప్ పెట్టి, ఎలా చేశారో తర్వాతి వాక్యంలో చెప్పాలి. పేరాకీ ఇదే. మనం నేపథ్యం అంతా చెప్పి చివర్లో అసలు మాట అంటాం. ప్రపోజల్‌లో పేరా మొదటి వాక్యమే అసలు మాట కావాలి. ప్రపోజల్‌లోని పేరాల మొదటి వాక్యాలు మాత్రమే వరసగా చదవండి. కథ అర్థమైతే సరే, లేకపోతే కథ తెగిన పేరా తిరగరాయాలి.

తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి ఆ తప్పులు మనకు కనబడవు. వాటి మీద నెలలు పోసేకంటే సాఫ్ట్‌వేర్‌తో దిద్దించుకోవడమే నయం. సాఫ్ట్‌వేర్ పట్టుకోలేనిది కర్త లేని వాక్యం. "నమూనాలు సేకరించబడతాయి" అన్న అర్థంలో రాసే ప్యాసివ్ వాక్యాలు పేజీ నిండా ఉంటే, రక్తం తీసేది పీహెచ్‌సీ నర్సా, జేఆర్‌ఎఫ్ పిల్లవాడా అన్నది ఎక్కడా ఉండదు. ఎవరు చేస్తారో పెట్టి రాస్తే అది నడిచే పనో కాదో మీకే తెలుస్తుంది. "డు ద నీడ్‌ఫుల్", "ద సేమ్" లాంటి ఆఫీసు ఉత్తరాల ఇంగ్లీషు కూడా ప్రపోజల్‌లోకి దూరుతుంది, ఏరేయండి. "నావెల్", "ఫస్ట్ టైమ్ ఇన్ ఇండియా" కూడా. ఎవరు ఎంతవరకు చేశారు, ఎక్కడ ఆగారు అన్నది రాస్తే కొత్తదనం దానంతట అదే కనబడుతుంది.

పేపర్ రాసేటప్పుడు బొమ్మలు, పట్టికలు ముందు, వాటి మీద రిజల్ట్స్, తర్వాత మెథడ్స్, ఇంట్రడక్షన్ ఆఖరికి. రిజల్ట్స్‌లో "తేడా సిగ్నిఫికెంట్, పీ విలువ 0.03" అని వదిలేయకండి. "నీళ్ల ఏర్పాటున్న ఊళ్లలో తగ్గుదల 3.8 యూనిట్లు తక్కువ, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 0.4 నుంచి 7.2" అని రాస్తే రెండూ తెలుస్తాయి: ప్రయోజనం ఉందని, అది నామమాత్రం కూడా అయ్యుండొచ్చని. ఊళ్లవారీ ట్రయల్ అయితే కన్సార్ట్ క్లస్టర్ చెక్‌లిస్టు (అలాంటి పేపర్‌లో ఏమేం ఉండాలో చెప్పే జాబితా) రాసేముందే చూసుకోవాలి. జర్నల్ అడిగాక చూస్తే సగం వివరాలు ఫీల్డ్ నోట్సులో కూడా దొరకవు.

సిమిలారిటీ, అంటే ఇతరుల రాతతో ఎంత కలుస్తోందన్న లెక్క గురించి ఒక మాట. 2018 యూజీసీ నిబంధనల్లో 10 శాతం దాకా చర్య లేదు. దాన్ని లైసెన్సు అనుకుని మాటలు అటూఇటూ మార్చి 9 శాతానికి తెచ్చేవాళ్లున్నారు. ఆ 9 శాతమూ మీ హైపోథసిస్ పేరాలో ఉంటే రివ్యూయర్‌కి రిపోర్టుతో పని లేదు. ఏఐతో రాయించుకునేవాళ్లు రిఫరెన్సులు ఒక్కొక్కటీ డీఓఐ (పేపర్ లింకు) నొక్కి తెరిచి చూసుకోవాలి. లేని పేపర్లు ఉన్నట్టు రాయడం వాటికి మామూలే.

సంతకాల వారం

డెడ్‌లైన్ నుంచి వెనక్కి ఎనిమిది వారాలు లెక్కపెట్టండి. మొదటి రెండు వారాలు ఒక్క పేజీ మాత్రమే: ప్రశ్న, ఎందుకిప్పుడు, అబ్జెక్టివ్‌లు, ఏం తేలుతుంది. మూడో వారం స్టాటిస్టీషియన్ దగ్గరికి వెళ్లాలి, డేటా వచ్చాక వెళ్తే ఆయన చేయగలిగింది సానుభూతి చూపించడమే. అదే వారం కొటేషన్లకు మెయిల్. మెథడ్స్‌కి రెండు వారాలు. ఆరో వారం వేరే డిపార్టుమెంటు వాళ్లకివ్వండి. "ఎలా ఉంది సార్?" అని అడిగితే "బాగుందమ్మా" అంటారు, అంతే. చదివాక కాగితం మూసేసి ఏం కనిపెట్టబోతున్నామో రెండు వాక్యాల్లో చెప్పమనండి. వాళ్లు చెప్పింది మీ అబ్జెక్టివ్‌కి దూరంగా ఉంటే తప్పు వాళ్లది కాదు. ఏడో వారం సంతకాలకే: హెచ్‌ఓడీ, డీన్, రిజిస్ట్రార్. మధ్యలో ఎవరో ఒకరు సెలవులో ఉంటారు, దసరా అయితే ముగ్గురూ సెలవులోనే. అప్‌లోడ్ రెండ్రోజుల ముందే. ఆఖరి గంటలో పోర్టల్ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

ఇంత చేసినా తిరిగి రావచ్చు. వస్తే కామెంట్లను రెండు కాలమ్‌ల పట్టికలో పెట్టండి, ఎడమన వాళ్ల మాట ఒక్క అక్షరం మార్చకుండా, కుడిన మీరు ఏం మార్చారో పేజీ నంబరుతో. ఒప్పుకోని కామెంటు ఉంటే కారణం రెండు వాక్యాల్లో. రివ్యూయర్ తప్పుగా అర్థం చేసుకున్నారని మీకు అనిపించిన చోట కుడి కాలమ్‌లో ఆ మాట రాయకండి, తప్పుగా అర్థమైన ఆ వాక్యాన్ని వెతికి ప్రపోజల్‌లో తిరగరాయండి. తర్వాత 520 అన్న అంకె ఎక్కడెక్కడ ఉందో ఒకసారి సెర్చ్ కొట్టి చూసుకోండి. దిద్దేటప్పుడు ఒకచోట మార్చి మూడుచోట్ల వదిలేయడం అందరూ చేసేదే.